ఆ కెఫీన్ మాత్ర గురించి

ఆత్రేయపురం

చిట్టితల్లీ,

సైకిల్ రేసు రోజు రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదనీ, గుండె దడదడలాడిందనీ అమ్మతో ఫోన్‌లో చెప్పావట. సాయంత్రం కెఫీన్ మాత్ర వేసుకుని, పైన ఎనర్జీ డ్రింక్ కూడా తాగావట. అది విన్నప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్.

తప్పు చేశావని కాదమ్మా. 2004లోనే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ కెఫీన్‌ని నిషేధిత జాబితాలోంచి తీసేసింది. అది నీకెంత ఇస్తోంది, నీ నుంచి ఎంత లాక్కుంటోంది అన్నదే నా బాధ.

మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని, ఇక పడుకోమంటుంది. కెఫీన్ వెళ్లి దాని కుర్చీలో కూర్చుంటుంది. అలసట తీరదు, తెలియదంతే. బొబ్బర్లంక నుంచి అమలాపురం దాకా కాలువ గట్టు వెంట తొక్కేవాళ్లకి అది బాగానే పనికొస్తుంది. నీది 200 మీటర్ల స్ప్రింట్, పది పన్నెండు సెకన్ల పని. దానికి కావలసిన బలం కండరాల్లో ముందే ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్, గ్లైకోజెన్ అనే శక్తి నిల్వల నుంచే ఎక్కువగా వస్తుంది. ఆ నిల్వని కెఫీన్ పెంచదు. కొందరికి కాస్త ఊపు వస్తుంది, కొందరికి ఏ తేడా ఉండదు.

ఆటగాళ్లకి మామూలుగా చెప్పే మోతాదు కిలో బరువుకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు. నీ 55 కిలోలకి 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే చాలు. పైన తాగిన డ్రింకులో ఇంకో 80. అంతకంతకూ పెంచుకుంటూ పోతే వేగం పెరగదు. చేతుల వణుకు, దడ, కడుపులో తిప్పడం పెరుగుతాయి. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5కి తీసుకున్న 280లో రాత్రి 10కి ఇంకా 140 దాకా మిగిలే ఉంటుంది. నిద్ర ఎలా పడుతుంది? మర్నాడు పొద్దున్నే మళ్లీ పోటీ. నిద్ర లేని కాళ్లు మొదటి తొక్కుడుకే బరువెక్కుతాయి. లొల్ల లాకుల దగ్గర తెల్లారకముందే నువ్వు తొక్కిన తొక్కుడు, రాత్రి తొమ్మిదింటికే పడుకున్న పిల్ల తొక్కింది.

వేసుకోవాలనే ఉంటే పొద్దున రౌండుకి, గంట ముందు, అదీ ప్రాక్టీసులో చూసుకున్నాకే. ఎనర్జీ డ్రింక్ వద్దే వద్దు. కోచ్‌కి ఏదీ దాచకు. దడ మళ్లీ వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్లి ఈసీజీ తీయించుకుని నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

మీ నాన్న