నర్సింగ్ విద్యార్థుల సామాజిక శిక్షణపై ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు నమస్కరించి వ్రాయునది.

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు ఐదు, ఏడు సెమిస్టర్లలో సామాజిక ఆరోగ్య నర్సింగ్ చదువుతారు. ఆ శిక్షణ కొన్ని కళాశాలల్లో బస్సు దిగి నాలుగిళ్లు తిరిగి, కుటుంబ వివరాలు నింపి, మధ్యాహ్నానికి తిరిగి రావడంగా మిగిలిపోతోంది.

మనకు పాడేరు మన్యం దగ్గరలోనే ఉంది. అక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉంది; దీని నిర్మూలనకు కేంద్రం 2047ను గడువుగా పెట్టుకొని 2023లో జాతీయ మిషన్ ప్రారంభించింది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండానే దాని జన్యువును మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకోవడం సులువే గానీ, కువి అనే గిరిజన భాష మాట్లాడే ఇంట్లో, పెళ్లి నిశ్చయమైన పిల్ల ఎదుట, ఎవరి మనసూ నొప్పించకుండా ఇదే సంగతి చెప్పగలగడం ఆ ఊళ్లో కనీసం రెండు వారాలు ఉంటే తప్ప అలవడదు.

విదేశీ అనుభవం కూడా అవసరమే, అయితే నేను అడిగేది ఫొటోలు దిగి వచ్చే యాత్ర కాదు. శ్రీలంక ప్రజారోగ్య మంత్రసానులు గర్భిణుల ఇళ్లకు వెళ్లి చేసే సేవను, థాయిలాండ్ గ్రామ ఆరోగ్య స్వచ్ఛంద సేవకుల పనిని మన పిల్లలు దగ్గరుండి చూడాలి. అక్కడి విద్యార్థులూ మన్యానికి రావాలి. ప్రయాణ ఖర్చు భరించలేని వారికి ఉమ్మడి ఆన్‌లైన్ తరగతులైనా ఏర్పాటు చేయవచ్చు.

మన్యంలో బస, ఆడపిల్లల భద్రత, వెంట ఉండే అధ్యాపకులు, స్థానిక ఆశా కార్యకర్తలకు గౌరవ వేతనం — వీటిపై వచ్చే విద్యాసంవత్సరానికి ముందే ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.