నిమ్మ బిస్కెట్‌కి రసం వద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వేసిన నిమ్మ షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల వంటకం గురించి ఈ ఉత్తరం. కప్పున్నర మైదా, అర కప్పు వెన్న, అర కప్పు పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, అర చెంచా బేకింగ్ పౌడర్, నాలుగు చుక్కల లెమన్ ఎసెన్స్ కలిపి "బంగారు రంగు వచ్చేదాకా" కాల్చమన్నారు. అలా చేస్తే పైకి ఉబ్బి, లోపల గట్టిపడి, నిమ్మ వాసన పెద్దగా లేని బిస్కెట్లు వస్తాయి. చేసినవాళ్లు ఓవెన్‌నో వెన్ననో తిట్టుకుంటారు. తిట్టాల్సింది ఆ రెండు చెంచాల రసాన్ని.

షార్ట్‌బ్రెడ్ స్కాట్లండ్ వాళ్ల బిస్కెట్. పాత లెక్క చాలా సులువు: తూకంలో పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. గుడ్డు లేదు, పాలు లేవు, బేకింగ్ పౌడర్ లేదు. పేరులో ఉన్న 'షార్ట్'కి పొట్టి అని అర్థం కాదు, పాత ఇంగ్లిష్‌లో గుల్లగా విరిగేదాన్ని అలా అనేవాళ్లు. గవ్వలకీ కజ్జికాయలకీ మైదాలో వేడి నెయ్యి పోసి పిండి అంతటికీ పట్టేలా రుద్దుతాం కదా, అదే సూత్రం. కొవ్వు పిండి రేణువులకి పూతలా పడితే నీళ్లు వాటికి అందవు, జిగట పుట్టదు, కొరికితే గుల్లగా విరుగుతుంది. నీళ్లు తగిలితే పూరీ పిండిలా సాగుతుంది. వెన్నలో అసలే నూటికి పదహారు వంతుల దాకా నీళ్లుంటాయి. మీరు చెప్పిన అర కప్పు వెన్నలో వచ్చే నీళ్లు దాదాపు 18 గ్రాములు. దాని మీద 30 మిల్లీలీటర్ల నిమ్మరసం పోస్తే పిండికి అందే తడి రెండున్నర రెట్లు అవుతుంది. ఇక గుల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

పోనీ వాసనైనా వస్తుందా అంటే, రసంలో ఉండేది పులుపు. వాసన తొక్కలో ఉంటుంది. నిమ్మతొక్కని వంచి నొక్కితే సన్నగా చిమ్మి కళ్లు మండించేది ఆ నూనే. అందులో ఎక్కువ భాగం లిమోనీన్, నిమ్మకి నిమ్మ వాసన ఇచ్చేది మాత్రం కొద్దిపాటి సిట్రాల్. ఈ నూనె వెన్నలో చక్కగా కలుస్తుంది, నాలుక మీద వెన్న కరిగేటప్పుడు మళ్లీ బయటికి వస్తుంది. ఎసెన్స్ సంగతి వేరే చెప్పాలా? చవకరకం రెండు చుక్కలు ఎక్కువైతే గిన్నెలు తోమే సబ్బు గుర్తొస్తుంది.

తొక్క అనగానే ఏ కాయ అన్న ప్రశ్న వస్తుంది. ఇంగ్లిష్ వంటకాల్లో "ఒక లెమన్ తొక్క తురుము" అని రాస్తారు. వాళ్ల లెమన్ పసుపుపచ్చగా, కోడిగుడ్డంత, మందపు తొక్కతో ఉంటుంది. ఒక్క కాయకి పెద్ద చెంచాడు తురుము వస్తుంది. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి మనకి వచ్చేది కాగ్జీ నిమ్మ, వాళ్లు లైమ్ అనే జాతి. తోలు పల్చన, కాయ చిన్నది. కాయకి అర టీస్పూను తురుము వస్తే గొప్ప. కాబట్టి అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన కొలతని ఇక్కడ ఉన్నదున్నట్టు వాడితే బిస్కెట్‌లో వాసనే తగలదు. 150 గ్రాముల పిండికి మన నిమ్మకాయలు నాలుగు కావాలి. బాగా పండి మెత్తబడినవి తురుముకి లొంగవు, పచ్చదనం కాస్త మిగిలి నిగనిగలాడే గట్టి కాయలు తీసుకోవాలి.

దబ్బకాయ దొరికితే వదలొద్దు. తొక్క మందం, వాసన ఘాటు, సగం కాయ తొక్క చాలు. కమలాకాయ తోలు వదులుగా ఉంటుంది కనుక కాయతో పాటు తురమబోతే నలిగిపోతుంది. ఒలిచి, లోపలి తెల్లపొర చెంచాతో గీకేసి, కత్తితో సన్నగా తరగడం మేలు. బత్తాయి, అంటే రాయలసీమవాళ్ల చీనీకాయ, వృక్షశాస్త్రం లెక్కన తీపి నారింజే అయినా తొక్క వాసన నెమ్మది. ఒంటరిగా నిలవదు, రెండు నిమ్మకాయలు తోడుండాలి. ముఖానికి పూసుకోవడానికి అమ్మే కమలాతొక్కల పొడి మాత్రం ఇందులో వేయకండి. తెల్లపొరతో సహా ఎండబెట్టి కొట్టిన పొడి అది, చేదు.

ఆ తెల్లపొరే సగం మంది బిస్కెట్లని పాడుచేస్తుంది. పైన రంగున్న పొర వరకే తురమాలి. గ్రేటర్‌లో ముళ్లలా పొడుచుకొచ్చిన చిల్లుల వైపు తోలు చీరుకుపోయి తెలుపు కూడా వస్తుంది. సన్నటి పళ్లున్న వైపు కాయని ఒకే దిశలో ఒక్కసారి లాగి, వెంటనే కొంచెం తిప్పి, పక్క చోట లాగాలి. ఒకే చోట రెండోసారి లాగితే చేదు మొదలైనట్టే. కాయల్ని ముందే గోరువెచ్చటి నీళ్లలో రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. మైనపు పూత మెరుపుతో వచ్చే విదేశీ నారింజలకి ఇది తప్పనిసరి. తడి ఉంటే తురుము గ్రేటర్‌కే అంటుకుంటుంది. రసం పిండాక తొక్క తురమడం ఎవరి వల్లా కాదు, ముందు తురుమి తర్వాత కోసుకోవాలి. పులిహోర చేసే రోజు నాలుగు కాయలు పిండే ముందు తురిమేసుకుంటే ఈ పనికి కాయలు విడిగా కొనక్కర్లేదు.

తురుము నేరుగా పంచదార గిన్నెలోకే పడాలి. తురిమేటప్పుడు చిమ్మే నూనె పంచదార మీదే పడుతుంది, గాలిలో పోదు. 50 గ్రాముల పంచదారలో ఆ తురుముని రెండు నిమిషాలు వేళ్లతో నలపండి. గరుకు పలుకులు తురుముని గీరుతాయి, నూనె బయటికి వస్తుంది, పంచదార తడి ఇసుకలా ముద్దకట్టి లేత ఆకుపచ్చకి తిరుగుతుంది. నలిపాకే మిక్సీలో ఆపి ఆపి నాలుగైదు తిప్పులు తిప్పి పొడి చేయాలి. ఏకధాటిగా తిప్పితే జారు వేడెక్కి ఉండలు కడుతుంది. ఇంకో మాట: అల్లం వెల్లుల్లి నూరిన జారు ఎంత కడిగినా మూత రబ్బరు వాసన వదలదు. ఆ జారులో తిప్పితే ఇంత శ్రమా వృథా. ఈ నిమ్మ పంచదార మూత గట్టిగా ఉన్న సీసాలో, ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పంచదార పొడి చేయకుండా వేస్తే మన లావు పలుకులు కరగక, బిస్కెట్ మీద మచ్చలుగా తేలుతాయి.

ఇక కొలతలు. నిమ్మ పంచదార 50 గ్రాములు, వెన్న 100, మైదా 130, బియ్యప్పిండి 20. కప్పులతో ఈ వంటకం రాయడమే తప్పు. అదే కప్పులో మైదా చెంచాతో వేస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150. నాలుగే దినుసులున్న వంటలో పావు వంతు తేడాని దాచే చోటు లేదు. బియ్యప్పిండి స్కాట్లండ్ పద్ధతిలోనూ ఉన్నదే, పంటి కింద సన్నటి కరకర ఇస్తుంది. కానీ అది పొడిపిండి అయి ఉండాలి, అరిసెలకి కొట్టే తడిపిండి కాదు. గోధుమపిండి పూర్తిగా వేస్తే తవుడు రుచి నిమ్మని మింగేస్తుంది.

వెన్న ఉప్పు లేనిదైతే చిటికెడు ఉప్పు వేసుకోవాలి. మామూలుగా దొరికే ఉప్పు వెన్నలో 100 గ్రాములకి దాదాపు 2 గ్రాముల ఉప్పుంటుంది, ఇంకేం వేయక్కర్లేదు. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్లు ఎంతున్నాయో ప్రతిసారీ మారుతుంది, మజ్జిగ పులుపూ ఉంటుంది. దాన్ని నెయ్యి కాచుకోవడమే మంచిది. వెన్న బదులు నెయ్యే వేస్తే? వస్తుంది, కానీ ఇసుకలా రాలే నాన్‌ఖటాయీ వస్తుంది, నెయ్యి వాసన ముందు నిమ్మ నిలబడదు.

మే నెలలో మన వంటగదుల్లో వెన్న అరగంటలో నూనె అవుతుంది. ఫ్రిజ్ నుంచి తీశాక పది పదిహేను నిమిషాలు చాలు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు మెరవకూడదు. అలాంటి వెన్నని నిమ్మ పంచదారతో నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు గరిటెతో కలపాలి. కేకుకి చేసినట్టు తెల్లగా నురగొచ్చేదాకా గిలక్కొడితే గాలి నిండి, కాలేటప్పుడు ఉబ్బి పక్కలకి పాకుతుంది. బేకింగ్ పౌడర్ వేసినా అదే గతి. మైదా, బియ్యప్పిండి జల్లించి వేసి వేళ్ల కొసలతో కలపండి. మొదట రవ్వలా ఉంటుంది, ఇక కలవదేమో అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే చాలామంది రెండు చెంచాల పాలు పోస్తారు. పోయొద్దు. గుప్పిట పట్టి నొక్కితే ముద్ద నిలిస్తే చాలు, చేతి వేడికే కలుస్తుంది. చపాతీ పిండిలా మర్దించారా, మళ్లీ జిగటే.

ముద్దని రెండు పాలిథిన్ షీట్ల మధ్య పెట్టి, అటూ ఇటూ రెండు పెన్సిళ్లు ఉంచి, వాటి మీద అప్పడాల కర్ర ఆడించండి. పెన్సిల్ మందం ఆరేడు మిల్లీమీటర్లు, ఈ బిస్కెట్‌కి కావలసిందీ అంతే. అంచులు పల్చన, నడుమ మందం అయితే అంచులు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. షీట్లతో సహా పళ్లెంలో పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాక, ఐదు సెంటీమీటర్ల మూతతో కోసి, ఫోర్కుతో ఆవిరి పోయేలా గుచ్చితే ఇరవై రెండు దాకా వస్తాయి. చల్లదనం ఎందుకంటే, వెన్న పూర్తిగా కరిగేలోపు అంచులు గట్టిపడాలి. ట్రేకి నెయ్యి రాయొద్దు, ఓవెన్‌కి పనికొచ్చే కాగితం పరవండి. బటర్ పేపర్ పేరుతో అమ్మేవన్నీ వేడికి ఆగవు, ప్యాకెట్ మీద చూసి కొనాలి. రెండో వాయి వేడి ట్రే మీద పెట్టకండి, ఓవెన్‌లోకి వెళ్లకముందే కరిగి పాకుతుంది.

ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్ అయితే పైనా కిందా ఉన్న రెండు రాడ్లూ వేసి 160 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, నడిమి అరలో 15 నుంచి 18 నిమిషాలు. చిన్న ఓవెన్లలో పై రాడ్డు మరీ దగ్గర, ఒక అర కిందికి దించి, సగంలో ట్రేని తిప్పాలి. ఫ్యానుంటే 145 డిగ్రీలు చాలు. 190, 200 డిగ్రీల్లో కాలిస్తే నిమ్మ నూనె ఆవిరై పోతుంది, వంటిల్లంతా వాసన గుప్పుమంటుంది, బిస్కెట్‌లో మిగలదు. ఓవెన్ లేనివాళ్లు అడుగు మందపు కడాయిలో స్టాండు పెట్టి, మూత వేసి, సన్నని సెగ మీద ఆరేడు చొప్పున కాల్చుకోవచ్చు. పాతిక నిమిషాలు పడుతుంది, అడుగు కాస్త ఎర్రబడటం తప్పదు.

పులుపు కూడా కావాలనేవాళ్ల కోసం నిమ్మరసానికి ఒక చోటుంది. 60 గ్రాముల పంచదార పొడిలో రెండు టీస్పూన్ల రసం కలిపి, పూర్తిగా చల్లారిన బిస్కెట్ల మీద పల్చగా రాసి గంటసేపు ఆరనివ్వాలి. వేడి మీద రాస్తే పీల్చుకుని మెత్తబడుతుంది. ఈ పూత పూసినవి రెండు రోజుల్లో తినేయాలి. పూత లేనివి గట్టి మూత స్టీలు డబ్బాలో పది రోజులు నిలుస్తాయి, మర్నాటికి వాసన ఇంకా బాగుంటుంది. కోస్తా ఉక్కకి మెత్తబడితే 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉంచి చల్లారిస్తే మళ్లీ గుల్లగా అవుతాయి.

సవరణ వేసేటట్టయితే ఓవెన్ డిగ్రీలు కూడా వేయండి, "బంగారు రంగు వచ్చేదాకా" అన్న మాట తీసేయండి. ఈ బిస్కెట్ పైభాగం తెల్లగానే ఉండాలి, అంచు ఒక్కటే లేతగా రంగు తిరగాలి. బయటికి తీసినప్పుడు వేలితో తాకితే మెత్తగా, పచ్చిగా అనిపిస్తుంది. కంగారుపడి మళ్లీ లోపలికి తోయకుండా పది నిమిషాలు ట్రే మీదే కదపకుండా వదిలేస్తే దానంతటదే గట్టిపడుతుంది.

ఇట్లు,
ఇంటి బేకింగ్ నేర్పే ఒక పాఠకురాలు,
గుంటూరు