కొత్త కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు అమ్మ పాటలు

ఒరేయ్ మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. "ఈ డబ్బాకి కాలం చెల్లింది సార్, కొత్తది తీసుకోండి" అని షాపు కుర్రాడు అన్నాడనీ, ఏది కొనాలో చెప్పమనీ రాశావు. చెప్తాను. కానీ నువ్వు చివర్లో మాటవరసకి రాసిన ముక్క చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. "పాత ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదాంట్లో పెట్టుకుంటా" అన్నావు చూడు, అది. అలా పెట్టుకుంటే ఫైళ్లు ఉంటాయి రా, అందులో తెలుగు ఉండదు.

మీ అమ్మగారి పెళ్లిపాటలు, మంగళహారతులు, నీ వ్యాసాలు, బడి సావనీరు... ఇవన్నీ తెనాలిలో డీటీపీ చేయించావు కదా. అంటే అను అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టే లెక్క. ఆ రోజుల్లో అందరం అదే చేశాం, అప్పటికి అంతకంటే మంచి దారి లేదు. అయితే అను ఫైలులో నిజానికి తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ, గుర్తులూ. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది, అంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే వేషం తీసిన మొహాలు కనిపిస్తాయి. అందుకే నువ్వు మీ అమ్మాయికి మెయిల్ చేసిన పాటలు దాని ఫోన్లో పిచ్చి గీతల్లా వచ్చాయి. నువ్వేమో నెట్ బాగాలేదనుకున్నావు.

పేజ్‌మేకర్ కథ ఇంకా పాతది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్. ఆ తర్వాత దాన్ని చేసే అడోబీ వాళ్లు దాన్ని వదిలేసి, అదే పని చేసే ఇన్‌డిజైన్ పట్టుకున్నారు. ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 దాకానే పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచేది, ఇప్పటిది తెరవదు. కాబట్టి నీ మూల ఉన్న ఆ ముసలి కంప్యూటర్‌లో పేజ్‌మేకరూ, అనూ రెండూ ఇంకా నడుస్తున్నాయంటే దాన్ని దేవుడి గదిలో పెట్టి చూసుకోవాల్సిందే. పాటలు బయటికి వచ్చేదాకా దాన్ని ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వకు, ఫార్మాట్ చేయనివ్వకు. "క్లీన్ చేసి ఇస్తా సార్" అంటే అసలు ఒప్పుకోకు.

ఇప్పుడు పని చెప్తాను. ముందు ఫైళ్లన్నిటినీ అలాగే ఒక కాపీ తీసి పక్కన పెట్టు, వాటిని ముట్టుకోవద్దు. తర్వాత పేజ్‌మేకర్‌లో ఫైలు తెరిచి, పాట ఉన్న చోట క్లిక్ చేసి, కంట్రోల్ ఈ (Ctrl+E) నొక్కు. స్టోరీ ఎడిటర్ అని వేరే కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఏబీసీడీల గందరగోళం కనిపిస్తే కంగారు పడకు, అసలు ఫైలు అదే. కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి మొత్తం తీసుకుని నోట్‌ప్యాడ్‌లో పెట్టు. ఒక స్టోరీలో ఉన్నంతే వస్తుంది, పక్క బాక్సులోది రాదు. కాబట్టి పేజీలో ఎన్ని బాక్సులుంటే అన్నిసార్లు చెయ్యాలి. సావనీర్‌లో ఇదే విసుగు, ప్రతి ఫొటో కింద మాటకీ ఒక బాక్సు పెట్టి ఉంటారు.

అలా తీసినదాన్ని అను నుంచి యూనికోడ్‌కి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్లోనైనా తెలుగుగానే ఉండే అక్షరాలకి, మార్చే కన్వర్టర్‌లో వెయ్యాలి. ఇవి నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అను వెర్షన్‌ని బట్టి లోపలి ఏర్పాటు మారుతుంది కాబట్టి ఏ వెర్షనో అడుగుతుంది. తెలియకపోతే ఒక చరణం వేసి చూడు, తప్పు వెర్షన్ అయితే మొదటి లైనులోనే తెలిసిపోతుంది. బ్యాంకు కాగితాల్లాంటివి మాత్రం ఎవరిదో సైటులో వెయ్యకు. పాటలకి ఆ భయం లేదు.

మారాక నీ అసలు ఉద్యోగం మొదలవుతుంది. వత్తులు ఒక అక్షరం అటూ ఇటూ జరుగుతాయి, రావత్తు ముందుకో వెనక్కో పోతుంది, ఐత్వాలు విడిపోతాయి. మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటే కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని మార్చేస్తుంది. నీ వ్యాసాల్లో "బి.ఇడి." అని ఇంగ్లిష్‌లో కొట్టించిన చోటల్లా ఏదో వింత మాట ప్రత్యక్షమవుతుంది. ముప్ఫై ఏళ్లు పిల్లల నోట్సులు దిద్దినవాడివి, నీకిది పెద్ద పని కాదులే. ఒకే తప్పు పదేపదే వస్తుంటే వర్డ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి, అన్నిచోట్లా ఒకేసారి మార్చెయ్.

కొన్ని ఫైళ్లు ఇలా లొంగవు. పుస్తకం అట్టలు, ఆహ్వానాలు కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసి, ప్రెస్సుకి ఇచ్చే ముందు అక్షరాలని "కర్వ్స్" చేసేస్తారు. అప్పుడు అవి అక్షరాలు కావు, బొమ్మలు. వాటికీ, ఫైలు పోయి అచ్చు కాగితం మాత్రమే మిగిలినవాటికీ వేరే మార్గం ఉంది. 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో వెయ్యి. దాని మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ విత్"లో గూగుల్ డాక్స్ ఎంచుకో. బొమ్మ కిందే తెలుగు టెక్స్ట్ వచ్చేస్తుంది. అచ్చు అక్షరాలకి బాగా పనిచేస్తుంది. రెండు కాలమ్‌ల పేజీ అయితే కాలమ్‌లు కలగాపులగం కావచ్చు, ఒక్కో కాలమ్ విడిగా కత్తిరించి వెయ్యి.

మీ అమ్మగారి చేతిరాత నోటుబుక్కుకి మాత్రం దీన్ని నమ్ముకోకు. ఆ గొలుసు రాత నేను చదవడమే కష్టం, పాపం యంత్రాన్ని ఏమంటాం? దానికి నీ గొంతే సాధనం. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగు పెట్టి, నోటుబుక్కు చూస్తూ చదువుకుంటూ పో. పాడకు, చదువు. కామాలు, ఫుల్‌స్టాపులు తర్వాత నువ్వే పెట్టుకోవాలి. పాటల్లోని పాత మాటల్ని అది తనకి తెలిసిన మాటలుగా మార్చేస్తుంటుంది, ఏ చరణానికి ఆ చరణం సరిచూసుకో. చేత్తో టైపు చేయాలంటే విండోస్‌లోనే తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది, 2019 అప్‌డేట్‌లో ఇచ్చారు. సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చుకుంటే చాలు. "amma" కొడితే అమ్మ వస్తుంది అని ఇంగ్లిష్‌లో రాసి చూపిస్తున్నాను, నవ్వకు. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే తెలుగూ ఇంగ్లిషూ మారుతుంటాయి. దీనికోసం ఎక్కడెక్కడి సైట్ల నుంచో సాఫ్ట్‌వేర్ దించుకోనక్కర్లేదు.

యూనికోడ్ అక్షరాలు అందంగా ఉండవని నీ ఫిర్యాదు నాకు గుర్తుంది. అది గౌతమి ఫాంటు ఒక్కటే దిక్కైన రోజుల మాట. ఇప్పుడు పోతన, వేమన ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ ఉన్నాయి. అన్నీ ఉచితం. పాటల పుస్తకానికి నా ఓటు మండలికి, శీర్షికలకి రామభద్ర. ప్రెస్సువాళ్లు "యూనికోడ్ మాకు పడదండీ, అనులోనే ఇవ్వండి" అంటే, ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేసి చూడమను. వత్తులు ఊడిపోవడానికి మామూలుగా అదే కారణం. మళ్లీ అనులోకి మాత్రం వెళ్లకు.

దిద్దిన పాటల్ని వర్డ్ ఫైలుగా దాచు. పీడీఎఫ్ మాత్రమే ఉంచుకోకు. తెలుగు పీడీఎఫ్ నుంచి తిరిగి కాపీ చేస్తే అక్షరాలు తారుమారవుతాయి, మళ్లీ మొదటికొస్తావు. కాపీలు మూడు ఉండాలి: కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఊరి బయట ఒకటి. మూడోదానికి గూగుల్ డ్రైవ్ చాలు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా భాగమే గానీ, పాటలెంత బరువని? రెండేళ్లు అసలు ముట్టుకోని అకౌంటుని గూగుల్ తీసేయవచ్చు, అందుకని అప్పుడప్పుడూ తెరుస్తుండు. బెంగళూరులో ఉన్న మీ అమ్మాయితో ఆ ఫోల్డర్ షేర్ చెయ్. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే గానీ దాచుకోవడానికి కాదు.

ఇక కొత్త కంప్యూటర్ మాట. షాపు కుర్రాడు చెప్పినదాంట్లో సగం నిజమే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగింది. పేరు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామన్నారు, అంతే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే మామూలుగా కనీసం ఎనిమిదో తరానిది కావాలి. నీది అంత కొత్తది కాదు. కాబట్టి బ్యాంకు పనులు, మెయిళ్లు చేసుకోవడానికి కొత్తది తీసుకో, తప్పులేదు. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ నీకు ఎక్కువే. గ్రాఫిక్స్ కార్డు ఉన్నది అంటగడతారు, వద్దను. వర్డ్‌కి డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే లిబ్రెఆఫీస్ ఉచితం. ఈ ఉత్తరం దాంట్లోనే కొడుతున్నాను.

పాతదాన్ని మాత్రం నెట్ కేబుల్ పీకేసి, అను కోసమే ఉంచు. నెట్ లేకపోతే అప్‌డేట్ల గొడవ దానికి పెద్దగా ఉండదు.

అన్నట్టు, మీ వీధిలో ఎవరికో వాట్సాప్‌లో పెళ్లిపత్రిక వచ్చిందనీ, తెరిస్తే డబ్బులు పోయాయనీ రాశావు. అది పత్రిక కాదు, ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు. ఫైలు పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే, పంపింది సొంత బావమరిదైనా సరే తెరవకు. వాడి ఫోన్ కూడా ఎవరి చేతిలోనో ఉండి ఉండొచ్చు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమను. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఈ ఆదివారం ఖాళీగా ఉంటే ఒక్క పాట, "అప్పగింతలు" అని పేరున్న ఫైలు, స్టోరీ ఎడిటర్ నుంచి తీసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి నాకు మెయిల్ చెయ్. ఏ వెర్షనో చూసి, ఏ కన్వర్టర్ సరిపోతుందో రాస్తాను. మిగతావి నువ్వే లాగించేస్తావు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
పాత బెంచీ మిత్రుడు