ఒప్పుకున్న కేసులను రాజీ లెక్కలో కలపకండి

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో లోక్ అదాలత్ వార్త చదివాను. షాపులో పని తెమలక ఇన్ని రోజులకు రాస్తున్నాను. ‘రాజీయే రాజమార్గం’ అని పెద్ద హెడ్డింగు, కింద వేదిక మీద పెద్దల ఫొటో, ఒక్క రోజులో వందల కేసులు పరిష్కారమయ్యాయని సంబరం. ఆ వందల్లో నిజంగా రాజీ పడినవెన్ని, మెజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకుని ఫైన్ కట్టినవెన్ని? ఆ ముక్క మాత్రం రాయలేదు. అసలు వార్త అదే కదండీ!

నేను లాయర్ని కాను. కోర్టు ఎదురుగా జిరాక్స్, టైపింగ్ షాపు నడుపుతున్నాను. ఎఫ్ఐఆర్‌లు, చార్జిషీట్లు, షూరిటీ కాగితాలు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి. అదాలత్ రోజున కుర్రాళ్లు గుంపులుగా వస్తారు. ‘ఏం కేసు బాబూ’ అంటే ‘ఏమో అంకుల్, ఒప్పేసుకుంటే ఇవాళ్టితో అయిపోద్దంట’ అంటారు. ఎవరు చెప్పారంటే కానిస్టేబుల్ గారో, కోర్టు వరండాలో ఎవరో అంటారు. తన మీద పెట్టిన సెక్షన్ ఏదో, దానికి ఎంత శిక్ష పడొచ్చో తెలియకుండానే లోపలికెళ్లి తలూపి, ఫైను రసీదు పట్టుకుని బయటికొస్తారు.

రాజీకీ ఒప్పుకోలుకీ తేడా చిన్నది కాదు. చట్టం అనుమతించిన నేరాల్లో ఇరుపక్షాలు రాజీ పడితే, ముద్దాయిని నిర్దోషిగా వదిలేసినట్టే లెక్క. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. నేరం ఒప్పుకుంటే మాత్రం, ఫైను వెయ్యి రూపాయలే అయినా, అది శిక్ష పడిన కేసే. ఆ తర్వాత అప్పీలుకు వెళ్దామన్నా శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో అడగగలం తప్ప, నేను చేయలేదు అని వాదించడానికి దారి ఉండదు.

మా షాపుకొచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. క్రికెట్ దగ్గర గొడవ. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత కింద చేత్తో కొట్టాడని 115(2), బెదిరించాడని 351(2). మొదటిదానికి ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు ఫైను లేదా రెండూ, రెండోదానికి రెండేళ్ల వరకు. రెండూ రాజీ పడదగినవే. అవతలి కుర్రాడు అదే వీధివాడు, అప్పటికే మళ్లీ కలిసి తిరుగుతున్నారు. ఇద్దరూ వెళ్లి సంతకాలు పెడితే శిక్ష పడిందన్న మచ్చ లేకుండా కేసు పోయేది. ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఒప్పేసుకున్నాడు. కొన్నాళ్లకు కానిస్టేబుల్ సెలక్షన్‌కి అటెస్టేషన్ ఫారం నింపుతూ ‘మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా, శిక్ష పడిందా’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి నా మొహం చూశాడు. ‘లేదు అని రాసేయనా’ అన్నాడు. వద్దన్నాను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: ఉన్నది ఉన్నట్టు రాయాలి. చిన్నాచితకా కేసులను పై అధికారులు చూసీచూడనట్టు వదిలేసే వీలుంది. దాచి దొరికితే ఆ దాచడమే ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. వాడి ఫైలు ఇంకా తేలలేదు. వాళ్ల అమ్మ కోర్టు వైపు వచ్చినప్పుడల్లా షాపు దగ్గర ఆగి అడుగుతుంది, ఏమవుద్ది బాబూ అని. నేనేం చెప్పాలి?

డ్రంక్ అండ్ డ్రైవ్ సంగతి వేరు. అందులో రాజీకి తావే లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు ఫైను లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్లు, పదిహేను వేలు. తాగి బండి నడిపినవాణ్ని నేను వెనకేసుకు రావడం లేదు. శిక్ష పడాల్సిందే. అయితే అది రాజీ ఎలా అయిందో మీ పత్రిక చెప్పాలి.

కుర్రవాడు మొదటిసారి తప్పు చేశాడనుకోండి, ఇంకో దారి కూడా ఉంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద తగిన కేసుల్లో జడ్జిగారు మందలించి గానీ, మంచి నడవడికకు బాండు తీసుకుని గానీ వదిలేయొచ్చు. అలా వదిలేసినప్పుడు శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతోంది. అడిగితే కదా పరిశీలించేది! అడగడానికి పక్కన లాయరు ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకూ ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఆ నంబరు బోర్డు మా కోర్టులో మెట్ల కింద, సైకిళ్ల వెనక ఉంది. కాలేజీల్లో పెట్టే న్యాయ విజ్ఞాన సదస్సులకు మాత్రం ఫ్లెక్సీలకు, బొకేలకు లోటుండదు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. జనం నోట్లో ఇంకా 420 (మోసం), 307 (హత్యాయత్నం), 498ఏ (అత్తింటి వేధింపులు) అనే ఉన్నాయి. ఇప్పుడవి 318(4), 109, 85. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత నంబర్లే. ఈ తికమక విడదీసి చెప్పే ఒక్క కాగితం స్టేషన్లో గానీ, కోర్టు గోడ మీద గానీ నాకు కనబడలేదు. చార్జిషీటు నకలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, అతను కోర్టుకు వచ్చిన 14 రోజుల్లోపు ఇవ్వాలి. అలాంటిది నా దగ్గర డబ్బులు పెట్టి జిరాక్స్ తీయించుకుంటున్నారు. అదీ ఇంగ్లీషులో, ముద్దాయికి ఒక్క ముక్క అర్థం కాకుండా. అరెస్టుకు కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మనదాకా ఎప్పుడొస్తుందో.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. అరెస్టయిన మర్నాడే ‘దొంగ దొరికాడు’ అని ముసుగేసిన ఫొటోతో సహా వేస్తారు. నాలుగేళ్లకు కేసు కొట్టేస్తే ఒక్క లైను ఉండదు. సెక్షన్ నంబరు వేస్తారు, అది బెయిలబులా, నాన్ బెయిలబులా, ఎంత శిక్ష అన్నది రాయరు. ఒకప్పుడు కోర్టు వార్తలు రాసే విలేకరి కోర్టు హాల్లో కూర్చునేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ప్రెస్ నోటే వార్త.

వచ్చే అదాలత్ వార్తలో రాజీ పడ్డ కేసుల లెక్క, నేరం ఒప్పుకున్న కేసుల లెక్క విడివిడిగా వేయండి. ఒప్పుకోలు తీసుకునే ముందు ప్రతి ముద్దాయి పక్కన ఒక ఉచిత లాయరు పది నిమిషాలు కూర్చున్నాడా లేదా అని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగి, వాళ్లు చెప్పిన జవాబు కూడా వేయండి.

- ఒక జిరాక్స్ షాపు యజమాని, పల్నాడు జిల్లా