జనాన్ని తిట్టేముందు ఒకసారి అడగండి

అయ్యా,

జనానికి చదివే ఓపిక పోయిందని, పొద్దున లేస్తే ఫోన్, సాయంత్రమైతే సీరియల్ అని పోయిన ఆదివారం మీ పేపర్లో వ్యాసం వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను గానీ, ఇక నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు పేపర్ చదివి వినిపించినదాన్ని. ఎవరు ఏది ఎందుకు చూస్తున్నారో ఒక్కరినైనా అడిగి రాయాల్సింది.

మా కోడలు తెల్లవారి ఐదింటికే ఫోన్ తెరుస్తుంది. ఈరోజు కుళాయి నీళ్లు వస్తాయా రావా అన్న ముక్క వీధి వాట్సాప్ గ్రూపులోనే తెలుస్తుంది. వాకిట్లో బిందెలు వరుసగా పెట్టుకుని, బొటనవేలితో ఫోన్ జరుపుకుంటూ నిలబడుతుంది. ఆ ముక్క మీ పేపర్లో ఎప్పుడైనా వేశారా? ట్యాంకు దగ్గర అధికారులు కొబ్బరికాయ కొట్టిన ఫొటో మాత్రం నాలుగు కాలమ్‌లలో వస్తుంది.

మా అత్తకు ఎనభై దాటాయి. మధ్యాహ్నం ఇంట్లో పలకరించే మనిషి ఉండదు. సీరియల్‌లో పిల్లకు "అట్ల చేయొద్దు తల్లీ" అని బుద్ధులు చెప్తూ కూర్చుంటుంది. ఆమెకు ఆ టీవీయే తోడు. అమెరికాలో రేడియో సీరియళ్లు వినే ఆడవాళ్లను హెర్తా హెర్జోగ్ అనే ఆవిడ అడిగి 1944లోనే రాసింది. కాసేపు ఏడ్చి గుండె బరువు దించుకోవడానికి, సంసారంలో ఏం చేయాలో తెలుసుకోవడానికి వింటున్నామని వాళ్లు చెప్పారు. 1945లో న్యూయార్క్‌లో పేపర్లు చేరవేసేవాళ్లు సమ్మె చేస్తే, బెరెల్సన్ అనే పరిశోధకుడు వెళ్లి పేపర్ లేకపోతే ఏం వెలితిగా ఉందని పాఠకులనే అడిగాడు. పైకి పెద్ద వార్తలన్నారు గానీ, కదిలిస్తే రేడియో కార్యక్రమాల వేళలు, వాతావరణం, చావు కబుర్లు, పొద్దున్నే పేపర్ పట్టుకునే అలవాటు, ఇవే బయటపడ్డాయి.

అంత దూరం ఎందుకు, 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మేడ మీద పదకొండు మందిమి ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. పక్కింటాయన ట్రాన్సిస్టర్ ఒక్కటే దిక్కు. ఆ ట్రాన్సిస్టర్ బ్యాటరీలు అరచేతుల్లో రుద్ది, మళ్లీ వేసి, నీళ్లు ఎప్పుడు తీస్తాయో చెప్తారేమోనని విన్నాం. అంతకుముందు ఆ రేడియోను ఎవరూ పట్టించుకున్నది లేదు.

చదివే ఓపిక పోయిందంటున్నారు కదా, మా వైపు గ్రంథాలయానికి వచ్చి చూడండి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పేపర్లు మాత్రం పదకొండు దాటితే గానీ బల్ల మీదికి రావు. ఎనిమిదింటికే వచ్చిన ముసలివాళ్లు మెట్ల మీద కూర్చుని కూర్చుని ఇంటికి పోతున్నారు. పోటీ పరీక్షల పిల్లలు అదే మెట్ల మీద ఫోన్‌లో కరెంట్ అఫైర్స్ చదువుకుంటున్నారు. వాళ్లనేనా మీరు చదవడం మానేశారన్నది? ఎన్ని అర్జీలు ఇచ్చినా, చూస్తామనే మాట తప్ప అధికారుల నుంచి ఇంకో మాట లేదు.

రెండో పేజీలో అర కాలమ్ ఇవ్వండి చాలు. రేపు ఏ వార్డుకు నీళ్లు, ఎక్కడ కరెంటు కోత, ఆదోని యార్డులో పత్తి ధర, మన మార్కెట్లో ఉల్లి ధర. నెల రోజులు వేసి, ఆ తర్వాత మా వీధికి వచ్చి ఎవరు చదువుతున్నారో అడగండి.

విశ్రాంత ఉపాధ్యాయిని,
పాతబస్తీ, కర్నూలు