చిన్నోడికి, సిబిల్ గురించి, ఆ ఏజెంటు గురించి

నాయనా,

ఫోన్లో చెప్తే "సరేలేమ్మా, సరేలేమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. మధ్యలో ఆపకుండా చదువు.

ముందు అసలు సంగతి. హోమ్ లోను వెనక్కి వచ్చిందని, సిబిల్ స్కోరు పెంచుతానన్న ఆ ఏజెంటుకు 15 వేలు కట్టొద్దు. అడ్వాన్సు ఏమన్నా ఇచ్చేసి ఉంటే అది పోయిందనుకో, మిగతాది ఇవ్వకు. ఆధార్, పాన్ కాపీలు పంపకు, ఫోనుకు వచ్చే ఓటీపీ అస్సలు చెప్పకు. నెల రోజుల్లో నీ స్కోరు 618ని 780 చేసేస్తా అన్నాడంటే వాడికి సిబిల్ అంటే ఏందో తెలీకన్నా ఉండాలి, లేదా నీకు తెలీదని వాడికి బాగా తెలిసన్నా ఉండాలి. సిబిల్ అంటే మన అప్పులు, వాయిదాల లెక్క రాసిపెట్టి స్కోరు ఇచ్చే కంపెనీ. అందులో రాసేది బ్యాంకులు, దిద్దేది కూడా బ్యాంకులు చెప్తేనే. తప్పు పడి ఉంటే ఫిర్యాదు నువ్వే పెట్టుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. నిజంగా లేటయిన వాయిదాను ఎవడూ చెరపలేడు. మరి వాడు 15 వేలకు చేసేదేంది?

నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టును లీలామహల్ సర్కిల్ దగ్గర జిరాక్స్ అంగట్లో ప్రింటు తీయించా, ఫోన్లో వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదవడం నా వల్ల కాదు. మీ చిన్నమామ కోఆపరేటివ్ బ్యాంకులో చేసి రిటైరైనవాడు గదా, ఆయన్ను కూర్చోబెట్టుకుని ఎర్ర పెన్నుతో ఒక్కో లోనూ చూశాం. మీ నాయన పక్కన నిలబడి "తొమ్మిదొందలకు ఆరొందల పద్ధెనిమిది అంటే ఫస్ట్ క్లాసే గదా" అన్నాడు. లెక్క సున్నా నుంచి కాదు, 300 నుంచి మొదలవుతుందని, హోమ్ లోనుకు మామూలుగా 750 పైన ఉంటేనే మంచి వడ్డీకి ఇస్తారని మామ చెప్పాక గమ్మునైపోయినాడు.

ఒక్కో లోను కింద నెలనెలకీ చిన్న గడి ఉంది, మూడేళ్లవి. 000 అంటే ఆ నెల టైముకు కట్టావని. వేరే అంకె ఉంటే అన్ని రోజులు లేటని. నీ ఫోను ఈఎంఐ గడులు చూస్తుంటే నువ్వు ఉద్యోగం మారిన కాలం మొత్తం అందులో కనపడింది. 000, 000, 000 అని వస్తా వస్తా, 029, తర్వాత 060, ఆ పైన 091. నెలకు 2,300 రూపాయల వాయిదా అది. పాత శాలరీ అకౌంటులో డబ్బుల్లేక ఆటోమేటిక్‌గా పోయేది బౌన్సయింది, కొత్త అకౌంటు నంబరు వాళ్లకు ఇవ్వాలని నీకు తోచలేదు. 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ. 2,300 అయినా అంతే, 23 లక్షలయినా అంతే. ఒక్క మాట మాకు చెప్పుంటే ఇక్కణ్ణుంచి ఫోన్‌పే చేసుండేవాళ్లం గదా అని మీ నాయన ఇప్పటికీ గొణుగుతున్నాడు. సరే, అది అయిపోయింది.

రెండోది ఆ పాత కార్డు. 64 వేల బాకీని 30 వేలకు తెగ్గొట్టుకున్నావు. రికవరీవాళ్లు రాత్రి తొమ్మిదింటికి, పదింటికి ఫోన్లు చేసి, ఆఫీసుకు వస్తామని బెదిరించి, "సార్, ఈరోజే లాస్ట్ డేట్" అంటే సిగ్గుతో, భయంతో కట్టేశావు. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదని ఆర్బీఐ రూలుంది, అది నీకెవరూ చెప్పలేదు. నువ్వేమో 34 వేలు మిగిలాయనుకున్నావు, రిపోర్టులో మాత్రం "సెటిల్డ్" అని పడింది. అంటే ఈ మనిషి పూర్తిగా కట్టలేదు, మేమే వదులుకున్నాం అని. అది ఏళ్ల తరబడి అట్లనే ఉంటుంది. హోమ్ లోను వెనక్కి వచ్చిందంటే ముఖ్యంగా ఆ మాట వల్లే ఉంటుందని మామ అంటున్నాడు.

దీనికి దారి ఉంది, కాకపోతే డబ్బుతో కూడిన దారి. ఆ బ్యాంకుకు మెయిల్ పెట్టు. మిగతా మొత్తం కట్టేస్తాను, కడితే "సెటిల్డ్" తీసేసి "క్లోజ్డ్" అని సిబిల్ లాంటి బ్యూరోలకు పంపుతారా అని అడుగు. వాళ్లు అవునని రాసిచ్చాకే కట్టు, ఫోన్లో ఎవరో అన్న మాటకు కట్టొద్దు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్, అంటే బాకీ ఏమీ లేదనే కాగితం, తీసుకో, దాన్ని పారేయకు, మెయిల్లో ఒక కాపీ, ఇంట్లో ఒక కాపీ ఉండాలి.

అయితే దానికంటే ముందు ఇప్పుడు వాడుతున్న కార్డు సంగతి చూడాలి, ఎందుకంటే అది ఇంకా కాలుతూనే ఉంది. లిమిట్ 70 వేలు, బాకీ 60 వేలు. నెలనెలా మినిమం డ్యూ కడుతున్నా గదా, లేటు లేదు గదా అన్నావు. నేను లెక్క వేశా, చూడు. నీ బిల్లు మీద నెలకు మూడున్నర శాతం అని ఉంది. మన మాటల్లో మూడున్నర రూపాయల వడ్డీ. కొర్లగుంటలో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి ఇస్తానంటే వాణ్ణి వీధంతా తిట్టుకుంటుంది, నువ్వేమో యాప్‌లో చూసుకుని నవ్వుకుంటా కడుతున్నావు. 60 వేలకు నెలకు 2,100 వడ్డీ, దాని మీద జీఎస్టీ 378. మొత్తం 2,478. నువ్వు కట్టే మినిమం 3,000. అంటే నీ అసలులో తగ్గేది 522 రూపాయలు. మళ్లీ ఆ కార్డు మీదే పెట్రోలు కొట్టిస్తే అదీ పోయింది, పైగా బాకీ మొత్తం కట్టనంతకాలం కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ.

ఇంకో నష్టమూ ఉంది. లిమిట్‌లో దాదాపు అంతా వాడేసుకున్నవాణ్ణి చూస్తే బ్యాంకుకు వీడు ఇబ్బందుల్లో ఉన్నాడని అర్థమవుతుంది. 30 శాతం దాటకుండా ఉంచుకోవాలంటారు, నీ కార్డుకు 21 వేల లోపల అన్నమాట. ఇది తగ్గిస్తే స్కోరు మీద తొందరగా కనపడుతుంది, ఎందుకంటే 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి వివరాలు పంపాలి, అంతకుముందు నెలకొకసారే.

60 వేలు ఎక్కణ్ణుంచి తేవాలి అంటావు. అక్క పేరు మీద పర్సనల్ లోను తీద్దామన్నావంట. అది కుదరదు. దానికి దాని సంసారం ఉంది, దాని స్కోరు దానిది, నీ వాయిదా ఒకటి తప్పితే దాని గడిలో పడుతుంది. నీ రూమ్మేటు బండి లోనుకు గ్యారంటీ సంతకం పెట్టావే, అది నీ రిపోర్టులో కూర్చుని ఉంది చూశావా? అతను ఇప్పటిదాకా సరిగ్గా కడుతున్నాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే అదో తలనొప్పి. ఇకమీదట స్నేహానికి టీ తాగించు, బిర్యానీ పెట్టించు, సంతకం మాత్రం పెట్టొద్దు.

నీ చైను ఉంది గదా, మూడు సవర్లది, అమ్మమ్మ ఇచ్చింది. దాన్ని బ్యాంకులో పెడదాం. బ్యాంకులో బంగారానికి ముప్పావలా నుంచి రూపాయి దాకా వడ్డీ. రూపాయి అనుకున్నా 60 వేలకు నెలకు 600. రెండు వేల నాలుగొందల చిల్లర ఎక్కడ, ఆరొందలు ఎక్కడ! గాంధీ రోడ్డులో సేటు దగ్గర వద్దు, బ్యాంకులోనే పెడదాం, బంగారం లోను కూడా నీ పేరు మీద రికార్డులోకి ఎక్కుతుంది, టైముకు కట్టి విడిపిస్తే అదీ నీకు మంచిదే. అమ్మమ్మ ఏమంటుందో అని ఆలోచించకు. ఆమె గాజులు నా పెళ్లికీ, మామ ఫీజుకూ బ్యాంకుకు పోయి వచ్చినవే.

కార్డు బాకీ తీరాక కోపంతో దాన్ని క్లోజ్ చేయకు. నీ దగ్గరున్న వాటిల్లో అదే పాతది, లిమిటూ అలాగే ఉంటుంది. కరెంటు బిల్లో, ఫోను రీచార్జో ఒకటి దాని మీద పెట్టి, ఆటో డెబిట్‌లో "మినిమం" కాకుండా "టోటల్ డ్యూ" అని పెట్టుకో. కార్డుకు గడువు దాటి మూడు రోజులు దాటితేనే లేటని రాయాలని ఆర్బీఐ చెప్పింది గానీ ఆ మూడు రోజులు నమ్ముకుని కూర్చోకు, లోను ఈఎంఐలకు ఆ రూలు లేదు.

ఇంక నీ రిపోర్టులో మదనపల్లె బండి లోను ఒకటి ఉంది. అది నీది కాదని నువ్వు గమనించకుండా వదిలేశావా, లేక చూడనే లేదా? నువ్వు మదనపల్లెలో బండి కొనలేదు గదా! మామ పట్టుకున్నాడు. నీ పేరే, పుట్టిన సంవత్సరం కూడా దగ్గర్లోనే, ఇంటిపేరు మాత్రం పొడి అక్షరమే ఉంది. మనవాళ్లతో వచ్చిన గోలే ఇది. ఆధార్లో ఇంటిపేరు మొత్తం, పాన్‌లో ఒక అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు చివర ఇంటిపేరు. ఎవరి బాకీనో నీ ఖాతాలో వేశారు, పైగా అందులో రెండు గడులు లేటున్నాయి. సిబిల్ వెబ్‌సైటులో డిస్ప్యూట్ అని, అంటే తప్పు దిద్దమని ఫిర్యాదు చేసేది, ఉంటుంది, ఈ రాత్రే పెట్టు. అటు లోనిచ్చిన కంపెనీకి కూడా మెయిల్ పెట్టు. 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల లెక్కన నీకే పరిహారం ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ అని ఫిర్యాదులు వినే అధికారి ఉన్నాడు, అక్కడా ఫీజు లేదు. కంప్లయింటు నంబరు రాసిపెట్టుకో.

సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడున్నాయి. నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. మిగతా మూడూ తీసి నాకు పంపు, ఆ మదనపల్లె బండి వాటిల్లో కూడా తిరుగుతుందేమో చూస్తాం. నీది నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు, భయపడకు. తగ్గేది ఎప్పుడంటే, ఒక బ్యాంకు కాదంటే రోషానికి పోయి ఇంకో బ్యాంకులో, ఆ తర్వాత యాప్‌లో, మళ్లీ ఇంకో యాప్‌లో అప్లికేషన్ పెట్టుకుంటా పోతే. చివరి పేజీలో ఎంక్వైరీలని ఉంది, పదిహేను రోజుల్లో ఏడు. చూసేవాడికి ఏమనిపిస్తుంది, వీడికి అప్పు ఎక్కడా పుట్టడం లేదనే గదా. ఇప్పటి నుంచి ఒక్క చోట కూడా అడగొద్దు.

నాకు ఇదంతా ఎట్లా తెలుసని అక్క అడిగింది. పొదుపు సంఘంలో ఇన్నేళ్లు లీడరుగా ఉండి ఊరికే పుస్తకాలు మోశానా? మా సంఘంలో ఒకామె నెల వాయిదా కట్టకపోతే మిగతావాళ్లం తలా ఇంత వేసుకుని ఆ తారీఖుకు కట్టేస్తాం, తర్వాత ఆమె ఇంటికి పోయి కూర్చుంటాం. తిట్టుకుంటాం, ఏడ్చుకుంటాం, కానీ బ్యాంకులో తేదీ తప్పనీయం. ప్రభుత్వం సున్నా వడ్డీ డబ్బులు ఇచ్చినా టైముకు కట్టిన సంఘాలకే. చదువు రానివాళ్లు కూడా వేలిముద్ర వేసి ఈ పని చేస్తున్నారు, నువ్వు ఇంజినీరువి.

తిరుచానూరు వైపు ఫ్లాటు ఈ ఏడాదికి పక్కన పెట్టు. స్కోరు ఇట్లా ఉండగా ఎవడో ఒకడు లోనిచ్చినా వడ్డీ ఎక్కువ వేస్తాడు, ఇరవై ఏళ్ల లోనుకు అర శాతం తేడా అంటేనే లక్షలు. కార్డు తీరి, మదనపల్లె బాకీ పోయి, ఒక ఏడాది గడులన్నీ 000 పడితే అప్పుడు అడుగుదాం. బిల్డరు "ఇదే లాస్ట్ ఫ్లాటు" అంటున్నాడని టెన్షన్ పడకు, ఆ రోడ్డు మొత్తం ఫ్లాట్లే.

శనివారం రాత్రి బస్సెక్కు. చైను లాకర్లో ఉంది, తాళం అక్క దగ్గర. సోమవారం బ్యాంకు తీసేసరికి నువ్వూ మామా అక్కడుండాలి, పాన్, ఆధార్ ఒరిజినల్స్ తెచ్చుకో, పోయినసారి మాదిరి ఫోన్లో ఫోటో ఉంది అనకు. ఆ ఏజెంటుకు వద్దని మెసేజ్ పెట్టి, దాని స్క్రీన్‌షాట్ నాకు పంపు.

అమ్మ