రెండో దోసె రాత్రికి జవాబు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉండి ఉంటావు, క్షమించు. పరీక్ష పేపర్లు, అమ్మ కంటి ఆపరేషన్ (బాగానే జరిగింది, కంగారు పడకు), ఇల్లు మారడం, అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. చెల్లికి సంబంధం దాదాపు కుదిరినట్టే, ఖాయం కాగానే ఫోన్ చేస్తా. ఎండల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఇక అసలు విషయం, కడుపులో దాచుకోలేకపోతున్నా.

హాస్టల్ మేడ మీద రెండో దోసె రాత్రి గుర్తుందా? “మాట కోసం పదవి వదులుకున్న నాయకుణ్ణి ఒక్కణ్ణి చూపించు, జన్మంతా నీకు గులామునైపోతా” అన్నావు. అప్పుడు నా నోట మాట రాలేదు. ఇప్పుడు చెబుతున్నా విను: కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు.

“సైకిలు కథేగా” అంటావని తెలుసు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు, పేరు చివరి రెడ్డి తీసేసుకున్నారు, ఆస్తి పార్టీకిచ్చేశారు, ఇవన్నీ మన బెజవాడలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నేను చెప్పేది అది కాదురా. ఆ సైకిలు ఎంత పెద్దదైపోయిందంటే, దాని వెనక ఇంకేమీ కనబడకుండా పోయింది.

మొన్న లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు తిరుగుతుంటే, గైడ్ల గుట్ట అడుగున ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట మూల ఎలుక కొట్టింది, లోపల ఎవరిదో పాత బస్సు టికెట్టు. చూస్తే, సుందరయ్య గారి రాజీనామా లేఖ! కొట్టువాడు యాభై అన్నాడు, ఇరవైకి తెచ్చా. ఆ రాత్రి అన్నం కంచం పక్కన పెట్టుకునే చదివా. అమ్మ తిట్లు వేరే.

సంగతేమిటంటే, 1964 జులైలో మీ తెనాలిలోనే కదా కమ్యూనిస్టు పార్టీ నుంచి చీలిన వాళ్లంతా సమావేశమైంది. మీ ఊరి పేరు అలా చరిత్రలోకెక్కింది, నువ్వేమో తెనాలంటే ఎప్పుడూ సినిమా వాళ్ల పేర్లే చెబుతావు. ఆ తర్వాత కలకత్తా మహాసభలో మార్క్సిస్టు పార్టీ ఏర్పడింది, మొదటి ప్రధాన కార్యదర్శి సుందరయ్య గారే. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో పుట్టిన మనిషి, తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపించిన మనిషి, దేశం మొత్తం పార్టీకి పెద్ద. అజ్ఞాతవాసాలు, జైళ్లు, అన్నీ చూశాక వచ్చిన కుర్చీ అది.

1975లో ఎమర్జెన్సీ వచ్చింది. ఇందిరాగాంధీకి ఎదురు నిలవడానికి జనసంఘ్, ఆర్‌ఎస్‌ఎస్‌లతో కూడా కలిసి కార్యక్రమాలు చేయొచ్చని పార్టీ నాయకత్వంలో ఎక్కువమంది మాట. ఈయన ససేమిరా అన్నారు. ఒప్పుకోలేని నిర్ణయాన్ని ప్రధాన కార్యదర్శిగా అమలు చేయలేనంటూ రాజీనామా రాసేశారు. రెండు ముక్కల్లో కాదు, పార్టీ ఎక్కడెక్కడ దారి తప్పుతోందో పేజీలకు పేజీలు. అందులో ఆయనది ఒప్పా, పార్టీది ఒప్పా అని మనం మళ్లీ తెల్లవార్లూ వాదించుకోవచ్చు. నాకైతే అప్పటి నిర్బంధంలో కలిసొచ్చిన వాళ్లనందరినీ కలుపుకోవాలన్న వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదనిపిస్తుంది. కానీ నా ప్రశ్న అది కాదు.

తర్వాత ఏం చేశారో చూడు. వేరు కుంపటి పెట్టలేదు. పదకొండేళ్ల కిందట చీలికలో ముందు నిలబడ్డ మనిషికి అది చేతకాక కాదు కదా! పార్టీలోనే ఉన్నారు, మనవైపు వచ్చేసి రాష్ట్రంలో పని చేసుకున్నారు. 1978లో, అరవై దాటిన వయసులో, గన్నవరం నుంచి ఎమ్మెల్యేగా నిలబడి గెలిచారు. మన గన్నవరం! నువ్వు ఎయిర్‌పోర్టులో దిగి ఊబర్ రాలేదని నన్ను సతాయించే గన్నవరం!

ఆ సీటు ఆయనకు కొత్త కాదనుకో. 1955లో కమ్యూనిస్టులు ఆంధ్ర రాష్ట్రంలో 196 స్థానాలకు 15 దగ్గర ఆగిపోయినప్పుడు కూడా ఆయన అక్కడ నెగ్గారు. కానీ దేశం మొత్తం పార్టీని నడిపి వచ్చి, మళ్లీ ఒక నియోజకవర్గంలో గడప గడపకీ... ఊహించు. మొన్న మా కాలేజీలో ఇన్‌చార్జి కుర్చీ కోసం జరిగిన రచ్చ చూశాక నాకు... సరే, అది ఫోన్లో.

పోయిన వారం కొలీగ్ ఇంట్లో పెళ్లికి గన్నవరం వెళ్లా. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కనబడితే ఊరుకోలేక ఈ కథ ఎత్తా. ఆ ఎన్నికల్లో జెండాలు కట్టాట్ట. “దేశమంతటికీ సెక్రటరీగా చేసొచ్చారని మా నాయన చెబితేనే తెలిసింది బాబూ, ఆయన నోట ఆ ముక్క నేను వినలా” అన్నాడు. టీ గ్లాసు చల్లారిపోయినా వదల్లేదు, మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయిరా, నిజం.

ఆయన భార్య లీల గారి సంగతి రాద్దామనుకున్నా. 1943లో పెళ్లయింది, ఉద్యమానికి అడ్డవుతుందని పిల్లలే వద్దనుకున్నారు ఇద్దరూ. ఆయన ఆపరేషన్ కూడా చేయించుకున్నారు. ఆ కాలంలో! నాకు ఆయన మీద గౌరవం ఎంతో, ఆవిడ మీద అంతకు రెట్టింపు. ఆవిడ గురించి ఎవరూ ఎందుకు సరిగ్గా...

పుస్తకం నీకు పంపుతా, కానీ వెనక్కివ్వాలి. నీ దగ్గరికెళ్లిన నా గొడుగులా చేయకు. గులాముగిరీ ఎప్పట్నుంచి మొదలుపెడతావో కూడా రాయి. దసరాకి వస్తే ఇద్దరం కలిసి గన్నవరం వెళ్దాం, ఆ పెద్దాయనను కలవాలి, ఆయన ఇంకా

అదుగో, చెల్లి వాళ్లు కిందకొచ్చారు, పెళ్లివారు కూడా ఉన్నారు వెనకాల. చొక్కా మార్చుకోవాలి. ఉంటాన్రా.

నీ
రాజా